ఈశ్వరప్రసాద్ అంకుల్ గిల్లిన కొండ

ఆల్ప్స్ పర్వతాలు ఈమధ్య ఒక జానెడు పొట్టిబడ్డాయంటే అందుకు మా ఈశ్వరప్రసాద్ అంకులే కారణం. ఎక్కడో కంగారూల దేశంలో, వెర్రిబీ అనే ఊళ్లో, లుంగీ మీద స్వెటర్ వేసుకుని నిలబడి, రెండు వేళ్లతో వాటి కొస గిల్లి ప్లాస్టిక్ కవర్లో వేసుకున్నాడు. నమ్మనివాళ్లు వచ్చి నాతో వాదించవచ్చు. యూనివర్సిటీ చదువు మానేసి అంకుల్ వాళ్ల వెనకగదిలో అద్దెకుంటున్నవాణ్ని, నాకు బోలెడంత తీరిక.

అంకుల్‌ది కాకినాడ. వంతెనలకు లెక్కలు కట్టే ఇంజనీరు. ఈ దేశం వచ్చి ఎన్నేళ్లయినా పొద్దున్నే వీధి చుట్టి పూజకు పువ్వులు కోయడం మానలేదు. ఏ కంచె మీంచి మందారం తొంగిచూసినా అది స్వామిదే. "దేవుడి పువ్వుకి దొంగతనం ఏవిట్రా" అనేవాడు. ఆయన కవరు చప్పుడు వినబడితే వీధిలో కుక్కలు కూడా ఇవాళ ఎవరింటి వంతో చూసుకుని మళ్లీ పడుకునేవి.

పక్కింటి అర్సులా స్విట్జర్లాండు మనిషి, ఒంటరి ముసలావిడ. ఆవిడ దగ్గరొక కుండీ ఉంది. అందులో ఆల్ప్స్ పచ్చికల్లో పెరిగే చిన్న ఆర్కిడ్: వేలెడు కాడ, కొసన ముదురెరుపు పూలగుత్తి, వెనిల్లా వాసన. చిన్నప్పుడు ఆవుల్ని తోలుకుని కొండెక్కితే ఆ వాసనలోనే నిద్రపోయేదట. వెర్రిబీలో మంచు పడదు గనక, చలికాలమంతా కుండీని గరాజ్‌లోని పాత ఫ్రిజ్‌లో ఉంచి, ఇదే కొండ, పడుకో అని మొక్కను మభ్యపెట్టేది. ఎన్నాళ్లు చూసినా ఆకులే. 1991 నవంబరులో మొగ్గ తొడిగింది. అదే వారం ఆవిడకు గుండె ఆపరేషన్ పడింది.

"నీళ్లు పోస్తూ ఉండు, ఈశ్వర్. నేనొచ్చేదాకా అది నిలిస్తే చాలు. ఒక్కసారి ఆ వాసన చూడాలి" అని పక్కగేటు తాళంచెవి అంకుల్ చేతిలో పెట్టి వెళ్లింది.

ఆపరేషన్ నాటి పొద్దున పువ్వు విచ్చింది. అంకుల్ నీళ్లు పోశాడు, చూశాడు, గిల్లాడు. వేంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టి, ఆవిడ పేరు చెప్పి, గోత్రం తెలియక కాశ్యపస గోత్రమనేసి, గుప్పెడు అగరొత్తులు వెలిగించాడు.

కాఫీ తెస్తున్న కుసుమ ఆంటీ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏవండీ, అది అర్సులా పువ్వు కదూ?"

"ఆవిడ కోసమేగా పెట్టింది. ఆపరేషన్ సక్సెస్ అవాలని."

"వాసన చూడాలని తాళం ఇచ్చి వెళ్లింది పాపం. పోనీ మీరన్నా చూశారా, ఎలా ఉందో చెప్పడానికి?"

"దేవుడి పువ్వు వాసన చూస్తారుటే ఎవరైనా?" అన్నాడుగానీ, పువ్వును పటం ముందు నుంచి తీసేశాడు.

ఆ రోజు ఆఫీసుకు వెళ్లలేదు. పువ్వును తడిదూదిలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టాడు. మూత తీసి చూస్తాడు, వేస్తాడు. అన్నం ముట్టలేదు.

"ఒరేయ్, సెల్లోటేప్‌తో కాడకి అంటిస్తే నిలుస్తుందంటావా?"

"బ్రిడ్జిలు నిలబెట్టేది మీరు, నన్నడుగుతారేంటంకుల్."

మళ్లీ మూత తీశాడు.

"గాలికి రాలిపోయిందని చెప్పేద్దురూ" అంది ఆంటీ.

"గాలి అంత నున్నగా గిల్లుతుందా, కుసుమా?"

ఆపరేషన్ బాగానే అయింది. చూడనిస్తారని తెలిసిన రోజే కారు నేను తోలాను. పార్కింగ్ దొరక్క నేను ఆస్పత్రి చుట్టూ తిరుగుతుంటే, అంకుల్ డబ్బా పట్టుకుని దిగి ఒక్కడే లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చి ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. అందుకని మిగతా కథ నేనే కట్టుకోవలసి వచ్చింది: అర్సులా మూత తీసిందట, "వెనిల్లా" అని కేకేసిందట, ట్యూబులు పీకేసి మంచం మీద నిలబడి ఆవుల్ని పిలిచే పాట అందుకుందట, వార్డులో పేషంట్లంతా నయమై నడుచుకుంటూ ఇళ్లకు పోయారట. బార్బీలకు, అంటే పెరట్లో పొయ్యి పెట్టి మాంసం కాల్చే విందులకు, పిలిచిన ప్రతివాళ్లకీ ఇది వినిపించాను. మొన్న ఆదివారం మళ్లీ చెబుతుంటే, వెనిల్లా దగ్గరికి రాగానే అంకుల్ ప్లేటు కింద పెట్టాడు.

"వెనిల్లా అనలేదు. నేనే కోశానని చెప్పాను. చాలాసేపు వాసన చూసి, అగరొత్తుల వాసన వస్తోందంది. మూత పెట్టి డబ్బా నాకిచ్చేసింది."