లైనులో ఎవరూ లేరు, నింపాదిగా రండి

కొత్తగా కొలువులో చేరిన ఆ రోజుల్లో ఖాళీ జాగా కనబడితే నా చెయ్యి ఊరుకునేది కాదు. కామారెడ్డిలో జిరాక్స్ దుకాణం పైన మూడు కంప్యూటర్లున్న గది మా సాఫ్ట్‌వేర్ కంపెనీ (బోర్డు మాత్రం గదికంటే పెద్దది). వెబ్‌సైటులో చూపించడానికి ఏమీ లేనప్పుడు తెర మీద ఏ మాట కనబడాలో రాయడం నా పని. అందరూ ‘వివరాలు లేవు’ అని రాసి వదిలేస్తారు. నేను వదిలే రకం కాదు. కొనడానికి ఏమీ ఎంచుకోకపోతే ‘మీ బుట్ట అలిగిందండీ’ అని రాసి, రోజంతా నాలో నేనే నవ్వుకున్న ఘనుణ్ణి.

ఆ వానాకాలం ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణం నడిపే సేటు ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. యూరియా లారీ వస్తుందంటే చాలు, ఆయన దుకాణం ముందు చెప్పుల వరుస మొదలయ్యేది. మనుషులు ఎంతసేపని నిలబడతారు? చెప్పులు వరుసలో పెట్టి పక్కన కూర్చునేవారు. చెప్పులు ఎక్కడుంటే ఆ మనిషి వంతు అక్కడ. “గీ చెప్పుల పంచాది నాతోని కాదు తమ్మీ, లైను ఫోన్‌లనే కనవడేటట్టు చెయ్యి” అన్నాడు సేటు. చేశాం. లైనులో ఎవరూ లేకపోతే కనబడే మాట మాత్రం పూర్తిగా నాది: ‘లైనులో ఎవరూ లేరు. నింపాదిగా రండి!’ కింద మంచం మీద పడుకుని నవ్వుతున్న రైతు బొమ్మ.

మొదటి రోజు నా గొప్ప నేనే చూసుకుందామని బస్సెక్కి వెళ్లాను. అక్కడ మా మేనత్త కనబడింది. తెల్లవారకముందే ఊరి నుంచి వచ్చి, ఆరో జాగాలో చెప్పులు పెట్టి, వట్టి కాళ్లతో నిలబడి ఉంది. ఉన్నది ఒక్క ఎకరం, నాటు వేసి నెల. ఇప్పుడు రెండు బస్తాలు దొరక్కపోతే పైరు ఎదగదు. “ఇంక చెప్పులేంది అత్తమ్మా, నీ పేరు ఫోన్‌ల ఎక్కిచ్చిన” అని, నలుగురి ముందు ఆ చెప్పులు నేనే తీసి ఆమె చేతికిచ్చాను. “నువ్వు జేసినవా అల్లుడా!” అని మురిసిపోయింది పిచ్చిది.

పది నిమిషాలకు ఫోను చూస్తే లైనులో ఎవరూ లేరు, నింపాదిగా రమ్మంది. నా కళ్లముందే అంత వరుస ఉంది. అత్తమ్మ పేరు నేనే ఎక్కించాను, అదెటు పోయిందన్న అనుమానమైనా రావాలి కదా! రాలేదు. నేను రాసిన మాట అబద్ధమెట్లా అవుతుంది? “ఇంక టైమున్నది, రా టిఫిన్ చేద్దం” అని ఆమెను హోటలుకు తీసుకెళ్లాను.

తిరిగొచ్చేసరికి లారీ ఖాళీ. “మీ సైటు పొద్దుగాలనే పండుకున్నది తమ్మీ. చెప్పుల లెక్కనే ఇచ్చినం” అన్నాడు సేటు. అందరూ ఒక్కసారే తెరిచేసరికి పేర్ల జాబితా ఫోన్లకు చేరనే లేదు. జాబితా చేరకపోవడం వేరు, అందులో ఎవరూ లేకపోవడం వేరు. ఆ తేడా తెలియని నేను రెండింటికీ ఒకే మాట, ఒకే నవ్వుమొహం పెట్టాను. అత్తమ్మ వెనక ఉన్నవాళ్లకు కూడా బస్తాలు అందాయి.

ఆమె ఒక్క మాట తిట్టలేదు. “పోనీ తియ్యి అల్లుడా, నువ్వు రాసినవంటే నమ్మిన” అంది. చెంప మీద కొట్టినా బాగుండేది. తర్వాతి లారీ వచ్చేనాటికి పైరు పసుపురంగుకు తిరిగి ఎదుగుదల ఆగిపోయింది. వరి పండించే మనిషి ఆ యేడు బియ్యం కొనుక్కుని తింది.

ఇప్పుడు నా మాటల్లో తడి లేదు. ‘వివరాలు అందలేదు. లైను ఉందో లేదో మాకు తెలియదు. మీ జాగా వదలకండి’ అని రాస్తాను. “గింత పొడిగ రాస్తరేంది అన్నా” అంటారు ఆఫీసులో. అననీ. ఆనాటి నాలోని మహాకవి మీద నాకింకా కోపం పోలేదు. హోటల్లో పూరీ తుంచుతూ “ఎట్లున్నది అత్తమ్మా, నేను రాసింది?” అని అడిగాడు వాడు. ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసి, “మంచిగున్నది కొడుకా, గీ పండుకున్నాయిన పొలానికి ఎప్పుడు పోతడు?” అంది. తలచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఆమె ముందు మాత్రం నవ్వలేను.