వడ్లు కొలిచిన కాసీం మామ

కట్టంగూరులో బస్సు దిగగానే కాసీం మామ పోయాడని చెప్పారు. లెక్కలవాణ్ణి కాబట్టి పోయినవన్నీ నిలబడిన చోటే లెక్కవేశాను. ఊరికి ఒక కొలతగాడు. ధాన్యం దుకాణానికి ఒక గొంతు. నాకు, ఊరి వరసన 'అల్లుడా' అని పిలిచే ఒకే ఒక్క మనిషి. లెక్క తేలింది. కన్నీళ్లు మాత్రం రాలేదు.

బడికి పోకుండా లెక్కలు నేర్చిన నాకు ఆ దుకాణంలోనే చిట్టా రాసే పని. ఎనభైలలో అక్కడ ఇంకా కుంచంతోనే కొలిచేవారు. మొదటి కుంచాన్ని మామ ఒకటి అనకుండా 'లాభం' అనేవాడు. ఆ తర్వాత మూడోది నిండేదాకా 'రెండు, రెండు, రెండు' అంటూనే ఉండేవాడు. అంకె మరవకుండా కొలతగాళ్లందరూ అలాగే అంటారు. ఆయన అంటుంటే జపంలా ఉండేది.

ఒకనాడు గొర్రెల మల్లయ్య వేళాకోళమాడాడు. "ఏం కాసీమన్నా, ఇల్లు అంటుకున్నా గిట్లనే కొలుసుకుంట కూసుంటవా?"

"పదకొండు, పదకొండు..."

రాశి అయిపోయాక మామ కుంచం బోర్లించి, చేతులు దులుపుకున్నాడు. "ఇల్లు గాల్తె ఆర్పుత. ఆర్పేటప్పుడు వడ్లు కొలువ. ఇగ నువ్వు చెప్పు, నీ గొర్లు యాడున్నయి?"

మల్లయ్య వెనక్కి తిరిగి చూశాడు. గొర్రెలు పక్క కుప్ప మేస్తున్నాయి.

నమాజులో ఎంత నిమగ్నమయ్యేవాడో, చాయ తాగేటప్పుడూ అంతే. నేను కూడికలు చేస్తూ తాగితే ఊరుకునేవాడు కాదు. "అల్లుడా, గా చాయ నువ్వు తాగినవా, నీ లెక్కలు తాగినయా? చేతిల ఉన్న పనిలనే దేవుడుంటడు. మనం ఆడ లేకుంటె ఆయన ఎవల్తోని మాట్లాడాలె?"

చివరిసారి నల్గొండ దవాఖానలో చూశాను. మంచం మీద కూర్చుని నాకూ చాయ తెప్పించాడు. "ఇయ్యాలన్న ఒక్క గిలాస మొత్తం తాగు. జర నేను సూస్త."

రెండు గుక్కలు తాగాను.

"యాడికి పోయినవ్?"

"ఆఖరి బస్సు అందుతదా అని లెక్కేస్తున్న మామా."

నవ్వాడు. "సరె, బాకీ రాస్కో."

మట్టి ఇచ్చేటప్పుడు అందరితోపాటు నేనూ మూడు పిడికెళ్లు వేశాను. ఆ తర్వాత తెలిసింది, వచ్చినవాళ్లను లెక్కపెడుతున్నానని. ఇంటికి వస్తే నా భార్య చాయ ఇచ్చింది. "చల్లారుతాంది, తాగుండ్రి" అంది. మొదటి గుక్కలో మామ ఉన్నాడు. ఆ తర్వాత మళ్లీ మనుషుల లెక్క మొదలైంది.

దుకాణంలో ఇప్పుడు కాంటా పెట్టారు. మొదటి బస్తాను ఒకటి అనే అంటున్నారు. మామలా కొలిచేవాడు ఇక రాడు. నా వైపు బాకీ ఈ రోజుకీ తీరలేదు. ఒక్క గ్లాసు చాయ.