రిజెక్ట్ అన్న మాట

మా తమ్ముడు ఎర్రమంచి దగ్గర, కార్లకు సామాన్లు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేసేవాడు. గీత పడ్డవీ వంకరపోయినవీ ఏరి పక్కన పెట్టడం వాడి పని. అట్లా పక్కన పెట్టినదాన్ని రిజెక్ట్ అంటారు. వాడి నోట వినీవినీ మా అమ్మకు కూడా ఆ మాట పట్టుబడింది. చేటలో చెనక్కాయలు చెరుగుతూ, గింజలేని లొట్టకాయలను ఏరి పారేస్తూ, “ఇవన్నీ రిజెక్టు” అనేది. గొర్రెలు కాచే మనిషి నోట ఇంగ్లీషు ముక్క విని మేము పడీపడీ నవ్వేవాళ్ళం.

తర్వాత వాడి కిడ్నీలు రెండూ చెడిపోయాయి. అమ్మ తనది ఒకటి ఇచ్చింది. బెంగళూరులో ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక, తమ్ముడు రెండోసారి పుట్టినాడని చూడవచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. వాడు మళ్ళీ పనికి పోయాడు. మాత్రల విషయంలో వాడంత గట్టివాణ్ణి నేను చూడలేదు. పెళ్ళి పంక్తిలో కూర్చున్నా, వేళయితే విస్తరి ముందునుంచి లేచిపోయి వేసుకుని వచ్చేవాడు.

అయినా కొన్నేళ్ళకు వాడి కాళ్ళు వాచాయి. పరీక్షలన్నీ చేసి బెంగళూరు డాక్టరు మా ముగ్గురినీ కూర్చోబెట్టి, సగం కన్నడంలో సగం తెలుగులో చెప్పాడు. ఒంట్లో కాపలా కాసే కణాలు ఉంటాయట. పరాయిది కనబడితే మీద పడతాయట. మాత్రలు వాటిని జోకొడతాయి కానీ కొన్ని మేలుకునే ఉంటాయట. జ్వరం లేదు, నొప్పి లేదు. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా అవే ఆ కిడ్నీని పాడుచేశాయి. దీన్ని క్రానిక్ రిజెక్షన్ అంటారన్నాడు.

నాకు నోటి దురుసు ఎక్కువ. కన్నతల్లిది పరాయిది ఎట్లా అవుతుందని ఆయన మీదికి లేచాను. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, అందరూ ఒప్పుకున్నా వాడి ఒళ్ళు ఒప్పుకోలేదు.

అంత చెప్పినా అమ్మకు అందింది రిజెక్ట్ అన్న ఒక్క మాటే. రైలు పెనుకొండకు వచ్చింది. దిగేముందు నాతో మెల్లగా అంది.

“ఎండల్లో నీళ్ళు తాగకుండా గొర్రెల ఎంట తిరిగితి కదా. బాగలేంది ఇచ్చినట్టుండా బిడ్డకు.”

ఆనాటి నుంచి తనలో తానే తప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది. తమ్ముడేమో ఆమె ఎదురుపడితే తల దించుకుని పక్కకు పోయేవాడు. ఇంట్లో ఇద్దరే మనుషులు, ఇద్దరికీ మాటల్లేవు. ధర్మవరంలో నా సంసారంలో నేనుండి కూడా ఆ మౌనానికి నాకు అన్నం సయించేది కాదు.

ఇప్పుడు వాడికి హిందూపురంలో డయాలసిస్. మొన్న వాణ్ణి మంచమెక్కించి సూదులు పెడుతుంటే, నా చెయ్యి పట్టుకుని, “అమ్మది మంచిదే అక్కా. నేనే నిలుపుకోలేకపోతి,” అన్నాడు. దుఃఖం ఆపుకోలేక బయటికి వచ్చేశాను.

బెంచీ మీద అమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ఈ పొద్దు తేల్చెయ్యాలనుకున్నాను. కంపెనీలో రిజెక్ట్ వేరనీ ఇది వేరనీ చెప్పాను. ఆమె కిడ్నీలో ఏ లోపమూ లేదనీ, అన్నీ చూసే తీసుకున్నారనీ, వాడి ఒంట్లోని కణాలే దాన్ని చంపేశాయనీ, దాన్ని ఆపడం వాడి చేతుల్లో కూడా లేదనీ విడమరచి చెప్పాను. ఇన్నాళ్ళ బరువు దిగిపోతుందని ఆమె ముఖంలోకి చూశాను.

అమ్మ కొంగు అంచు మడుస్తూ అంతా వింది.

“ఈ మాట వానికి తెలుసునా?” అని అడిగింది.

తెలుసన్నాను. అందుకే కుమిలిపోతున్నాడన్నాను.

“అట్లయితే వాని ముందర నువ్వు ఈ మాట ఎత్తాకు. నాదే రిజెక్టు అని ఉండనీ. వాడు నా మొగం చూసి మాట్లాడి శానా దినాలయ్యింది.”

ఆమె లేచి, కళ్ళు తుడుచుకుని, వాడి దగ్గరికి లోపలికి పోయింది.