మోచెయ్యి మొండికేసిన ఎండాకాలం

నేను ఒక చోట కుదురుగా కూర్చునే మనిషిని కాదు. పెండ్లయి అరవ సీమలో నల్లంపల్లి పక్కన మా అత్తగారి ఊరికి వచ్చిన కొత్తలో, ఇంట్లో పని అయిపోతే బయట పని వెతుక్కునేదాన్ని. అదీ లేకపోతే చిమ్మిన వాకిలే మళ్లీ చిమ్మేదాన్ని. మా ఆయన గొర్రెల మందను తోలుకొని హరూర్ వైపు మేపుకు పోతే నాలుగైదు నెలలకు గాని తిరిగి వచ్చేవాడు కాదు. యుద్ధం నడిచే ఏండ్లవి. ఎప్పుడు ఏం దొరకదో తెలియని కాలం. ఇంట్లో ఉండేది మా అత్తా నేనూ ఇద్దరమే. ఆమె రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ నిశ్శబ్దంలో నాకు ఊపిరాడేది కాదు.

ఆ ఏడు చింతకాయలు దులిపే కాలంలో, మా చేని గట్టు మీది చెట్టు ఎక్కుతానని మాటిచ్చిన మనిషి రెండు రోజులైనా రాలేదు. మూడో రోజు పొద్దున కొంగు బిగించి నేనే ఎక్కినాను. అత్త కింద నిలబడి, వద్దు, దిగు అనింది. కొమ్మ మీద నిలబడి ఊపితే కాయలు గలగలా రాలినాయి. ఆ సద్దు వింటే నాకు ఎంత హాయిగా ఉండిందంటే, చాలు అనిపించలేదు. ఇంకొక కొమ్మ, దాని పక్క కొమ్మ అని పోతానే ఉన్నాను. కాలు జారిందో కొమ్మ విరిగిందో ఇప్పటికీ తెలియదు. నేల మీద పడేసరికి కుడి చెయ్యి నా కింద ఉండింది. లేచి చూసుకుంటే భుజానికీ మోచేతికీ నడుమ, వంగకూడని చోట చెయ్యి వంగి ఉండింది.

నొప్పి కంటే ముందు భయం పట్టుకునింది. వేళ్లు కదులుతున్నాయి. చెయ్యి ఎత్తుదామంటే మాత్రం లేవలేదు. లోపల కండ బిగుసుకునేది నాకు తెలుస్తానే ఉంది, కాని అది పట్టి లేపేదానికి లోపల గట్టిది ఏదీ లేదు. గుంజ విరిగిన పందిరికి తాళ్లు బిగించినట్టు ఉండింది.

పక్కింటాయన బండి కట్టినాడు. ధర్మపురి దాటి వెల్లిచందై చేరేసరికి పొద్దు వాలింది. ఎముకలు కట్టే పెద్దాయన ఇల్లు అక్కడే. అరవై దాటిన మనిషి, బక్కగా, పెద్ద పెద్ద చేతులు. తమిళంలో మాట్లాడినాడు. ఇల్లు దాటితే మేమూ మాట్లాడేది తమిళమే. అత్తను నా వెనక కూర్చోబెట్టి నన్ను గట్టిగా పట్టుకోమన్నాడు. గొర్రెలెన్ని, ఈ ఏడు ఈతలు ఎట్లున్నాయి అని అడుగుతా అడుగుతానే చెయ్యి లాగి విరిగిన మొనలను ఒకదానికొకటి ఆనించినాడు. ఆ సద్దు నా చెవులకు వినపడలేదు, పండ్లలో వినపడింది. గుడ్డు తెల్లసొనలో ఉద్దిపిండి, అంటే మినప్పిండి, కలిపి పూసి, గుడ్డ చుట్టి, చుట్టూ వెదురు దబ్బలు పెట్టి కట్టినాడు. మోచెయ్యి వంచి మెడకు వేలాడదీసినాడు.

"నలభై దినాలు దీన్ని మరిచిపో," అన్నాడు. "ఎముక దానంతట అది అతుక్కుంటుంది. కదిలించకుండా ఉండడమే నీ పని."

ఆ పని ఒక్కటే నాకు చేతకానిది.

అత్త నాకు తల దువ్వింది, రాగి సంగటి ముద్దలు చేసి నోట్లో పెట్టింది, చీర కట్టింది. ఇద్దరు మనుషుల పని తానే చేసింది. నేను వాకిలి నుంచి బావి దాకా, బావి నుంచి వాకిలి దాకా తిరుగుతా ఉండేదాన్ని. కట్టు కింద దురద. చీమలు పాకినట్టు, ఒక్కోసారి ఉడుకునీళ్లు కారినట్టు. దానికంటే పెద్ద దురద మనసులో ఉండింది. లోపల చెయ్యి బతికి ఉందా, నా మాట వింటుందా అని.

పద్దెనిమిదో రోజు అత్త కట్టెలకు పోయింది. ఎడమ చేత్తో, పండ్లతో ముడులన్నీ విప్పినాను. లోపల ఉన్నది నా చెయ్యి కాదనిపించింది. తెల్లబారి, పొట్టు రేగి, సగానికి సన్నబడి ఉండింది. ఒక్కసారి, కొంచెమే ఎత్తి చూస్తానని ఎత్తినాను. లోపల ఏదో జారింది. కండ్లు చీకట్లు కమ్మినాయి. తెలివి వచ్చి ఎట్లో గుడ్డ చుట్టుకొని కూర్చున్నాను. అత్త వచ్చి చూసింది. దబ్బలు సరిగా పెట్టి మళ్లీ కట్టింది. సాయంత్రానికి చెయ్యి బూరె మాదిరి పొంగింది.

ఆ పెద్దాయన వారానికొకసారి ధర్మపురి సంతకు వచ్చి ఒక పందిరి కింద కూర్చునేవాడు. ఆ వారం అక్కడికే పోయినాము. కట్టు మీద చెయ్యి పెట్టగానే ఆయనకు తెలిసిపోయింది.

"ఎవరు విప్పినారు దీన్ని?" అని అడిగినాడు.

నేను నోరు తెరిచేలోపల అత్త అనింది, "నేనే. నీళ్లు పడి తడిసిందని విప్పినాను."

ఆయన గుడ్డ కొనలు తిప్పి చూసినాడు. వాటి మీద నా పంటిగాట్లు ఉన్నాయి. నా మొగం చూసినాడు, తర్వాత అత్త మొగం చూసినాడు. ఆమె కండ్లు దించలేదు. ఇంక చేసేది లేక ఆమెనే తిట్టినాడు. సంతలో పదిమంది వినేటట్టు, కోడలి చెయ్యి పోగొట్టే అత్తను నిన్నే చూస్తున్నానని తిట్టినాడు. ఆమె నిలబడి అంతా వినింది. నేను నోరు మూసుకొని కూర్చున్నాను. సగం అతుక్కున్నదాన్ని విడదీసి మళ్లీ లాగినాడు. ఆ నొప్పికి గట్టిగా ఏడిచినాను. ఏడుపు నొప్పికి మాత్రమే కాదని నాకు తెలుసు.

మళ్లీ మొదటి నుంచి నలభై దినాలు. ఎండలు ముదిరినాయి. ఈసారి కట్టు జోలికి పోలేదు. అత్త ముద్ద పెట్టేటప్పుడు ఆమె కండ్లలోకి చూడలేక గోడ వైపు చూస్తా మింగేదాన్ని. నేనే విప్పినానని చెప్పెయ్యాలని రోజూ అనుకునేదాన్ని. ఆమెకు తెలిసిన సంగతే ఆమెకు ఏమని చెప్పేది? లేచి బావి దాకా పోయి తిరిగి వచ్చేదాన్ని.

సంతలో కట్టు విప్పిన రోజున ఎముక బాగా అతుక్కునిందని పెద్దాయన సంతోషపడినాడు. చెయ్యి చాచమన్నాడు. మోచెయ్యి వంగినది వంగినట్టే ఉండింది. పండ్లు బిగపట్టి, మెడనరాలు లేచేటట్టు బలమంతా పెట్టినాను. వేలెడు కూడా కదల్లేదు. ఇంక ఈ చెయ్యి ఇంతే అనుకున్నాను.

ఆయన లేచి పక్కన మాంసం కొట్టుకు పోయి, తోలు తీసిన మేక ముందుకాలు ఒకటి అడిగి తెచ్చినాడు. తెల్లటి తాళ్ల మాదిరి నరాలు అందులో స్పష్టంగా కనపడతా ఉండినాయి. వెనక పక్క నరాన్ని వేలికి చుట్టి లాగినాడు. గిట్ట మడుచుకునింది. దాన్ని వదిలి ముందు పక్కది లాగినాడు. గిట్ట చాచుకునింది. చచ్చిన మేక కాలు బతికినట్టు కదిలేసరికి నేను వెనక్కి జరిగినాను.

ఈసారి రెంటినీ ఒకేసారి పట్టి లాగినాడు. గిట్ట ఎటూ పోకుండా బిర్రుగా నిలిచిపోయింది.

"నువ్వు చేస్తున్నది ఇదే," అన్నాడు. "కండకు తొయ్యడం రాదు. లాగడం ఒక్కటే వచ్చు. అందుకే ప్రతి కీలుకూ ఈ పక్కొకటి, ఆ పక్కొకటి ఉంటాయి. ఒకటి లాగేటప్పుడు ఇంకొకటి వదలాల. నువ్వు దేన్నీ వదలడం లేదు."

నా చేతి ముందు కండను వేలితో నొక్కినాడు. రాయి మాదిరి ఉండింది. వంచే కండ ఇన్నాళ్లూ వంగే ఉండి కురచైపోయిందనీ, వెనక ఉండే చాచే కండ పని లేక చిక్కిపోయిందనీ వివరంగా చెప్పినాడు. మొదటిదానికి విడుపు నేర్పాల, రెండోదానికి పని నేర్పాల. రోజూ ఆముదం వెచ్చచేసి పూసి, చిన్న చెంబులో ఇసుక పోసి చేతికి కట్టి వేలాడనివ్వమన్నాడు. నేను ఏమీ చెయ్యకూడదు. చెంబే చేస్తుంది.

మళ్లీ ఏమీ చెయ్యకపోవడమే. నాలుగు రోజులు చూసి, త్వరగా కావాలని చెంబు నిండా ఇసుక పోసినాను. మోచెయ్యి వాచింది. అత్త ఇసుక కుమ్మరించి ఒక గుప్పెడు మిగిల్చింది. ఆ దినం నుంచి నా పక్కనే పీట వేసుకొని కూర్చునేది. నేను బిగపట్టినప్పుడల్లా నా భుజం మీద చెయ్యి పెట్టి, "వదులు" అనేది. ఆమె నోట అన్నిసార్లు ఒకే మాట నేను ఎప్పుడూ వినలేదు.

కొన్నాళ్లకు తిరగలి దగ్గర కూర్చోబెట్టింది. రాయిని తిప్పే గుంజ మీద నా చెయ్యి, దాని మీద ఆమె చెయ్యి. రాగులు కొంచెమే పోసి మెల్లగా తిప్పింది. రాయి నా దగ్గరికి వచ్చేటప్పుడు ముందు కండ బిగిసేది. దూరంగా పోయేటప్పుడు అది సడలి వెనకది అందుకునేది. గుంజను నేను తోస్తా ఉన్నట్టే పైకి కనపడేది. లోపల జరిగేది మాత్రం ఆయన చెప్పినట్టు లాగడమే. ఒకటి ఎప్పుడు వదిలి ఇంకొకటి పట్టుకుంటుందా అని చేతినే చూస్తా ఉంటే, ఒక పొద్దున ఆమె చెయ్యి పైన లేదని చూసుకున్నాను. ఎప్పుడు తీసిందో తెలియదు. రాయి నేనే తిప్పుతా ఉన్నాను.

అప్పుడు అడిగినాను. "అత్తా, ఆ పొద్దు సంతలో నువ్వెందుకు ఆ మాట అన్నావు?"

ఆమె పిండిని గంపలోకి తోసింది.

"నీ మొగం చూసినాను," అనింది. "చెయ్యే మొయ్యలేక ఉన్నావు. ఆ తిట్లు కూడా ఏం మోస్తావు?"

నాకు ఏడుపు వచ్చింది. ఆమె చూడనట్టు లేచి పిండి జల్లెడ వెతుక్కోను పోయింది.

వానలు మొదలైనాక మా ఆయన మందతో తిరిగి వచ్చినాడు. కోడలు చెట్టు మీద నుంచి పడింది, చెయ్యి కట్టించినాము అని మాత్రమే అత్త చెప్పింది. మిగిలింది నేను చెప్పినాను. నేను ముడులు పండ్లతో విప్పింది, సంతలో ఆమె తిట్లు తినింది, నేను నోరు మూసుకొని ఉండింది, ఏదీ దాచకుండా చెప్పినాను. ఆయన అమ్మ వైపు తిరిగేసరికి ఆమె ఎండుగడ్డి చంకన పెట్టుకొని గొర్రెపిల్లల దగ్గరికి పోతా ఉండింది.

ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచుకోదు, ఒక్క రవ్వ వంకర ఉండిపోయింది. కుదురుగా కూర్చోవడం కూడా నాకు అలవడలేదు. మరీ తోచనప్పుడు నా భుజం మీద నా చెయ్యే పెట్టుకొని, మెల్లగా, వదులు అనుకుంటాను. కొన్నిసార్లు కండ వింటుంది.