బోణీ వేళ ముప్పై సైకిళ్లు

ఈమధ్య పట్నాలలో ఆదివారం పొద్దున వందలమంది ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని సైకిళ్ల మీద గుంపుగా బయలుదేరుతున్నారు. దానివల్ల సైకిలుకు మేలా, కీడా అని మా ఇంట్లో పిల్లలు వాదించుకుంటుంటే నేను నోరు మెదపను. నిజామాబాదులో అలాంటి గుంపునొకదాన్ని నడిపించిన ఘనుణ్ణి నేనే. దానితో మా అక్క ఉద్యోగం ఊడిపోయేంత పనయింది.

అరవైల నడుమ సంగతి. బజారులో మాది ఇత్తడి గిన్నెల దుకాణం. మా ఇంట్లో పిల్లలకు మాటలకన్నా ముందు బేరం వస్తుంది. నేనైతే ఆస్పత్రిలో రెండు సూదులు పొడవాలన్న డాక్టరుతో బేరమాడి ఒకటికి ఒప్పించాను. జ్వరం తగ్గక మూడు పొడిపించుకున్నాననుకోండి, అది వేరే కథ.

అక్కకు బోధన్ రోడ్డు మీద, జానకంపేట దాటాక ఒక పల్లె బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. మొదటి బస్సు పట్టుకున్నా బడి గంట కొట్టాక గానీ చేరలేదు. మా నాన్న, మేము బాపు అనేవాళ్లం, ఒకరోజు అడ్డకమ్మి లేని సైకిలొకటి తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు.

"బస్సు నీ కోసం ముందుగాల రాదు బిడ్డా. నువ్వే ముందుగాల పో" అన్నాడు.

అక్క కొంగు నడుముకు చెక్కుకుని, టిఫిన్ డబ్బా హ్యాండిలుకు తగిలించుకుని పోయేది. మా బజారులో సైకిలెక్కిన ఆడమనిషి ఆమె ఒక్కతే. చూసేవాళ్లు చూశారు, తల తిప్పుకునేవాళ్లు తిప్పుకున్నారు. అసలు కష్టం ఊరు దాటాక మొదలయ్యేది. గానుగ కాలంలో బోధన్ ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు వరసకట్టి రోడ్డంతా తామే అయి నడిచేవి. లారీ వస్తే పక్కకు జరిగేవాళ్లు. సైకిలు మీద ఆడపిల్ల గంట కొడితే బండివాళ్లు వెనక్కి తిరిగి నవ్వేవాళ్లు. ఒకరోజు నిజాంసాగర్ కాలువ గట్టు దగ్గర దారి ఇవ్వక, అక్క చక్రం అంచు దిగి, ఆమె బురదలో పడింది. మోకాలికి కట్టు కట్టుకునే బడికి పోయింది. ఆలస్యమైంది. ఇంకో రెండుసార్లు ఇలా అయితే పై ఆఫీసుకు రాస్తానని హెడ్మాస్టరు చెప్పాడు.

నాకు రోషం వచ్చింది. రోషంతోపాటు ఒక ఉపాయం కూడా వచ్చింది. ఒక్కతే పోతేనే కదా లోకువ, ముప్పైమందిమి కలిసి పోతే ఎవడు నవ్వుతాడు? దోస్తులందరినీ కూడగట్టాను. సైకిలు లేనివాళ్లకు కిరాయి సైకిళ్ల చాచా దగ్గర బండ్లు మాట్లాడాను. పంక్చరు పడితే తప్పు మాదా, రోడ్డుదా అని ఆయనతో పొద్దంతా వాదించి, రోడ్డుదేనని ఒప్పించి వచ్చాను.

సోమవారం అక్క బయలుదేరే వేళకే, ఆమెను నడుమ పెట్టుకుని, ముగ్గురేసి పక్కపక్కన వరసలు కట్టి, గంటలు మోగించుకుంటూ బజారులోకి దిగాం. నా ఛాతీ హ్యాండిలు మీదికి పొంగింది. సగం బజారు దాటామో లేదో ఎదురుగా పసుపు బస్తాలతో గంజ్ మార్కెట్టుకు పోయే బండ్లు వచ్చాయి. మేము జరగలేదు. వెనక్కి మళ్లడం వాటి వల్ల కాలేదు. వెనక రిక్షాలు, వాటి వెనక తోపుడుబండ్లు. ఎట్లాగో దారి చేసుకుని మేము బయటపడి అక్కను వేళకు బడికి చేర్చాం గానీ, ఆ చిక్కుముడి వీడేసరికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఒక్క గిరాకీ కూడా ఒక్క దుకాణం మెట్టు ఎక్కలేకపోయింది.

దుకాణదారుడికి బోణీ అంటే ఏమిటో నాకు వేరే చెప్పాలా? మొదటి గిరాకీ చేతి డబ్బు కళ్లకద్దుకునేదాకా మా బాపు మంచినీళ్లు కూడా తాగేవాడు కాదు. అలాంటి ఇంట్లో పుట్టి, నలభై దుకాణాల బోణీ చెడగొట్టి, జెండా ఎగరేసినవాడిలా ఇల్లు చేరాను.

ఆ సాయంత్రమే బజారు పెద్దలు కూర్చున్నారు. అందరిలోకీ గట్టివాడు మూల మీది కిరాణా సేటు. మేము కాకా అని పిలిచేవాళ్లం.

"ఒక్క పిల్ల పోతుంటే మేం సూసి సూడనట్టు ఉంటిమి" అన్నాడు కాకా. "ఎవరన్న ఒక్క మాటంటిమా? నువ్వు దండును తెచ్చి మా గడపల ముంగట నిలవెట్టినవ్. ఇగ మాకు సూడక తప్పలే. రేపటిసంది బోణీ అయ్యేదాక బజార్ల ఎవ్వలు సైకిలెక్కొద్దు. దిగి నడువుండ్రి."

బాపు తల వంచుకున్నాడు. ఆయన కూడా ఆ బజారు మనిషే కదా. సైకిలు తోసుకుంటూ బజారంతా నడిస్తే అక్కకు పావుగంట పోతుంది. వెనక దారిలో రైలు గేటు పడితే ఇంకా ఎక్కువ. హెడ్మాస్టరు ఇచ్చిన రెండుసార్లూ రెండు రోజుల్లో అయిపోతాయి.

నేను బేరం మొదలుపెట్టాను. బజారంతా కాదు, సగమే నడుస్తుందన్నాను. కాకా ఒప్పుకోలేదు. లేచి చెప్పులు వేసుకున్నాను. గిన్నెలు కొనేవాళ్ల దగ్గర నేర్చిన ఆఖరి అస్త్రం అది. నాలుగడుగులు వేయగానే "ఆగరాదూ" అని వెనక్కి పిలిచారు. అట్లా దిగుతూ దిగుతూ ఎనిమిది దుకాణాల మేర నడిస్తే చాలనే దగ్గర తెంచాను. నలభై నుంచి ఎనిమిదికి! ఎగురుకుంటూ ఇంటికి వచ్చి అక్కకు చెప్పాను.

అక్క కాపీలు దిద్దుతోంది. తల ఎత్తలేదు.

"నా తొవ్వను నన్నడగకుంట బేరం వెట్టినవా?"

"తగ్గించిన కదక్కా."

"ఏం తగ్గించినవ్? నేను దిగుతనని నువ్వే ఒప్పుకొనొస్తివి. ఎనిమిదైతేంది, నలభై అయితేంది."

ఇంకో కాపీ తెరుస్తూ అడిగింది. "కాకా ఏమన్నడు, సక్కగ చెప్పు. బోణీ అయ్యేదాక అన్నడా?"

"గట్లనే అన్నడు."

"మంచిది. పోయి పండుకో."

మర్నాడు నేనూ వెనకే బయలుదేరాను. అక్క మా వాకిట్లోనే సైకిలెక్కింది. ఎనిమిది దుకాణాల మేరలోనూ దిగలేదు. తిన్నగా కాకా దుకాణం ముందు ఆపి, స్టాండు వేసి, మెట్టెక్కింది.

"కాకా, ఒక అగ్గిపెట్టె ఇయ్యుండ్రి."

కాకా ఆమెను చూశాడు, సైకిలును చూశాడు, నన్ను చూశాడు. పొద్దున మొదటి గిరాకీని వట్టి చేతులతో పంపడం మా బజారులో ఎవరివల్లా కాదు. అగ్గిపెట్టె ఇచ్చాడు. ఆమె ఇచ్చిన పైసల బిళ్ల కళ్లకద్దుకున్నాడు. అప్పుడు అక్క అంది.

"బోణీ అయింది కద కాకా. ఇగ నేను పోతున్న."

ఎక్కి పోయింది. బడికి గంట కంటే ముందే చేరింది.

ఆ మధ్యాహ్నం బోధన్ దిక్కు నుంచి చెరుకు రైతు కుటుంబమొకటి పెండ్లి సామానుకు వచ్చి, మూల దుకాణంలో రెండు బండ్లు నింపుకుని పోయింది. అది అక్క మహిమ అని నేను అనను. కానీ బజారు అంది. మర్నాడు పక్క దుకాణం బట్టల సావుకారి రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, ఇయ్యాల మా దిక్కు ఆగరాదూ. రుమాలన్న కొను."

కాకా లోపలినుంచి కసిరాడు. "పొల్ల బడికి పోతాంది, ఆలస్యం చెయ్యకు. బోణీ మాట అన్నది నేను, నా దగ్గరనే ఆగుతది."

ఆ గానుగ కాలం ముగిసేసరికి మా ఇంట్లో అగ్గిపెట్టెలకు లెక్కలేదు. రెండేళ్లు తిరగకముందే ఆస్పత్రి నర్సమ్మ ఒకామె, బాలికల బడి పంతులమ్మలిద్దరు సైకిళ్లెక్కి బజారులోంచి పోసాగారు. వాళ్లనెవరూ దిగమనలేదు. ముప్పైమందిమి కలిసి మూయించిన దారిని ఒక్క మనిషి రోజూ పోయి తెరిపించింది. మా అక్క అని చెప్పుకోవడానికి నాకు ఈనాటికీ సందు దొరికితే చాలు.

అయితే మా ఊరేగింపు వట్టిదేనా అని చాలా ఏళ్లకు అక్కనే అడిగాను.

"వట్టిది గాదు" అంది. "గా సోమవారం కాలువ కాడ అందర్ని సూసి బండ్లోళ్లు పక్కకు తీసిండ్రు. తెల్లారి నేనొక్కదాన్నే పోతే సుత తీసిండ్రు. వెనక ఇంకా వస్తుండ్రేమో అనుకున్నరు. గటెన్క అదే అలవాటైంది."

"మరి నాదే గొప్ప."

"కాలువ కాడ నీదే. బజార్ల మాత్రం కాదు."

డెబ్బైలలో నేను వేరే దుకాణం పెట్టాను. గిన్నెల దుకాణంలో అగ్గిపెట్టెలెందుకని అందరూ నవ్వినా, ఒక కట్ట తెచ్చి గల్లాపెట్టె పక్కన పెట్టుకుని, అక్క వచ్చే వేళకు మెట్టు మీద నిలబడేవాణ్ణి. ఆమె గంట కొట్టేది గానీ ఆగేది కాదు.

"ఇంటోళ్ల బోణీ చెల్లదురా" అనుకుంటూ కాకా దుకాణం వైపు పోయేది.