అరుంధతి కోసం లడాఖ్

మా పెళ్లి తొండియార్‌పేటలో, వీధికి అడ్డంగా వేసిన పందిట్లో జరిగింది. పెళ్లి చేయించిన అయ్యవారు మమ్మల్ని బయటికి తీసుకొచ్చి, పెళ్లికూతురికి అరుంధతీ నక్షత్రం చూపించమని మావారితో అన్నారు. పైన చూస్తే మా పేట పక్కనున్న మనలి ఫ్యాక్టరీల ఎర్రటి పొగ తప్ప ఏమీ లేదు. మావారు వేలెత్తి ఎటో చూపించారు. నేను బుద్ధిమంతురాలిలా కనిపించిందని తలూపాను.

ముప్పై ఏళ్లు గడిచాయి. షుగరు ఆయన కళ్లను లోపల్నుంచి తినేయడం మొదలుపెట్టింది. చూడాలనుకున్నవేవో ఇప్పుడే చూసేయమన్నాడు కంటి డాక్టరు. ఈయన లడాఖ్ అన్నారు. ఎందుకని అడిగితే చెప్పలేదు.

అక్కడ వారం రోజులూ నేను నేలమీద ఉన్నట్టు లేదు. గడ్డిపరకైనా లేని కొండలు, ఒకటి ఊదా రంగు, దాని వెనకది పసుపు. వాటి మధ్య ఇసుక తిన్నెలు, రెండు మూపురాల ఒంటెలు. నాలుగడుగులకే ఆయాసం వచ్చేది కాబట్టి అన్నీ నిదానంగా, నిద్రలో జరుగుతున్నట్టే జరిగేవి. మా ఊళ్లో సముద్రపు ఉప్పుగాలికి ఎన్నడూ ఆరని తువ్వాలు అక్కడ కాఫీ తాగేలోపు ఆరిపోయేది. ఈయన ప్రతిదానికీ బాగుంది బాగుంది అంటుంటే నాకు గుబులు పుట్టింది. నచ్చినదానికి కూడా వంక పెట్టే మనిషి మరి.

చివరి ఊళ్లో కొండమీద తెల్లటి గుమ్మటాలు, వాటిలో పెద్ద టెలిస్కోపులు. పగలు అవన్నీ చూశాం. చీకటి పడ్డాక, మేం దిగిన ఇంటావిడ తన చిన్న టెలిస్కోపు తెచ్చి వాకిట్లో పెట్టింది. ఈయన వచ్చీరాని హిందీలో ఆమెను అరుంధతి ఒక్కటే చూపించమని అడిగారు. ఇంత దూరం ఎందుకు లాక్కొచ్చారో నాకప్పుడు అర్థమైంది.

ఆమె గొట్టం సరిచేసి పక్కకు తప్పుకుంది. ఈయన వంగి చాలాసేపు చూశారు.

కనిపించిందా అని అడిగాను. పెళ్లినాటిలాగే కనిపించినట్టు సర్దేస్తారనుకున్నాను.

"లేదు. అంతా పొగ మాదిరి ఉండాది," అన్నారు. "ఆ పొద్దు కూడా నాకు కనపళ్ళేదు. నీకు చూపించాల్సినోణ్ణి నేను. నువ్వన్నా చూడు."

చూశాను. పెద్ద చుక్క పక్కన చిన్న చుక్క. తలెత్తితే ఆ ఆకాశంలో వట్టి కంటికి కూడా కనిపిస్తోంది. నాకు ఏడుపొచ్చేసింది. ఆయన చెయ్యి పట్టుకుని, వేలు చాపించి, పైకెత్తి సరిగ్గా దానివైపు నిలిపాను.

"ఆడ," అన్నాను. "ఇప్పుడు సరిగ్గా చూపిస్తా ఉండారు."