కాపడం పెట్టిన కళ్లు

మా అత్త చూపుకు ఏ లోటూ లేదు. రెప్పలే ఆమె మాట వినడం మానేశాయి. ఎవరో గట్టిగా నొక్కిపట్టినట్టు మూసుకుపోయేవి. తెరవాలంటే వేలితో ఎత్తి పట్టుకోవాలి. జొన్నరొట్టె తట్టడానికి రెండు చేతులూ కావాలి కదా, ఒక చెయ్యి రెప్పకు పోతే ఎట్లా? ఒకరోజు కాలే పెనం మీద చెయ్యి పెట్టేసింది. అప్పటినుంచి నేను ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. రెండేళ్లు గోడ పట్టుకునే తిరిగింది.

ఎదురింటామె ఊరుకునేది కాదు.

"ఏందక్కా, నన్ను చూస్తనే కండ్లు మూస్తవ్? గంత కానిదాన్నయిన్నా?"

"నిన్ను చూసి గాదే, నీ సోది మొదలైతే మూసుకుంటయి" అనేది అత్త.

ఇద్దరూ నవ్వేవాళ్లు. ఆమె వెళ్లాక మాత్రం అత్త నన్ను అడిగేది, "నాకిగ కండ్లు తెరుచుకోవా బిడ్డా?" అని.

అద్దాలు మార్చాం, చుక్కలు వేశాం. చివరికి దేవదుర్గలో కంటి డాక్టరే, ఇది కంటి జబ్బు కాదు, రాయచూరులో నరాల డాక్టరుకు చూపించండన్నాడు. కళ్ల చుట్టూ కండరాలు వాటంతటవే బిగుసుకుంటున్నాయట. ఆ కండరాల్లోకి చిన్న చిన్న సూదులతో బొటాక్స్ అనే మందు వేస్తే బిగువు సడలుతుందట. మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ వేయించుకోవాలట.

"అది సినిమావాళ్లు ముడతలు పోవాలని ఏయించుకునే సూదంట గదక్కా!" అంది ఎదురింటామె.

"మంచిదేనాయె. నేను పడుచుదాన్నయితా, నువ్వొక్కదానివే ముసల్దానివి."

మా ఆయన అత్తను వెంటబెట్టుకెళ్లి వేయించి తీసుకొచ్చాడు. మా ఇళ్లల్లో సూది పడినవాళ్లను ఊరికే వదలరు. పిల్లలకు టీకా వేసినా సరే, గుడ్డ వేడి చేసి కాపడం పెట్టి, ఆ చోటు రుద్దాల్సిందే. మధ్యాహ్నం అత్త వచ్చి మంచం మీద వాలగానే నేనూ అదే చేశాను.

"హాయిగున్నదే" అంది. ఇంకాస్త రుద్దాను.

వారం తిరిగేసరికి బిగుసుకోవడమైతే ఆగింది. కానీ రెండు రెప్పలూ సగానికి జారి వేలాడాయి. గడ్డం పైకెత్తి, ఆ సందులోంచే చూడాల్సి వచ్చింది.

మా ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. "ఉన్న కండ్లు పోగొట్టిండు. ఇయ్యాల ఆ డాక్టరు సంగతి చూస్త."

నేను అడ్డం వెళ్లాను. "ఆయన తప్పు గాదు. నేనే కాపడం పెట్టి రుద్దిన" అన్నాను.

ఆయన గడపలోనే ఆగిపోయాడు. చెప్పులు విడుస్తూ అన్నాడు, "రుద్దొద్దని డాక్టరు చెప్పిండు. బస్సు తొందరల నీకు చెప్పుడు మర్చిన."

ఇద్దరం తల వంచుకుని నిలబడ్డాం. అత్త గడ్డమెత్తి మమ్మల్ని మార్చి మార్చి చూసి పకపకా నవ్వింది. "వాడు చెప్పకపాయె, నువ్వు ఆగకపాయె. మంచి జోడీ దొరికిండ్రు నాకు!"

ఫోన్ చేస్తే డాక్టరు, రుద్దడంతో మందు పక్క కండరంలోకి దిగింది, కొన్ని వారాల్లో రెప్పలు వాటంతటవే లేస్తాయి, భయపడొద్దన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. రోజూ పొద్దున్నే అత్తను వెలుతురులో కూర్చోబెట్టి చూసేదాన్ని. ఎట్లా అయిందని ఎదురింటామె గుచ్చి గుచ్చి అడిగితే, "మందు జర ఎక్కువ పనిచేసింది, గంతే" అంది అత్త. నా పేరు ఎత్తనేలేదు.

నెల దాటింది. ఒకరోజు పొద్దున అరుగు మీద మెంతికూర తెంపుతున్నాను. అత్త ఎదురుగా కూర్చుని నన్నే చూస్తోంది. గడ్డం పైకెత్తలేదు, వేలు రెప్ప మీద లేదు. రెండు కళ్లూ నిండుగా తెరుచుకుని ఉన్నాయి.

"ఏందత్తా?" అన్నాను.

"నీ నెత్తిల తెల్లెంటికెలు ఎప్పుడొచ్చినయే?"

"ఏండ్లాయె అత్తా."

"నాకెవ్వరు చెప్పలే" అంది. "జరుగు ఇటు. మంచిగ చూడనీ."